రెండు గంటల అతుకు

పోయిన నెల లింగాల దాటాక ఒక పాడి రైతు ఇంటికి వెళ్లాం. ఆయన గోబర్ గ్యాస్ ట్యాంకు మీది కవరుకు చిన్న కంత పడింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజినీరమ్మ నా వెంట వచ్చింది. చదువుకున్న మనిషి కదా, స్కేలు పెట్టి, పెన్సిలుతో గీసి, అతుకు ముక్కను నలుచదరంగా శుభ్రంగా కోయబోయింది. రైతు కాసేపు చూశాడు. ఇంట్లోకి వెళ్లి ఒక స్టీలు కంచం తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

“గట్ల వద్దు మేడం. కంచం బోర్లించి గియ్యి. మూలలుంటే ఆడికెల్లి లేస్తది.”

“ఎవరు చెప్పారు మీకు?” అంది ఇంజినీరమ్మ.

“అతుకులామె చెప్పింది. మూడేండ్ల కింద వచ్చినప్పుడు గీ కంచమే అడిగి తీసుకునె.”

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్లు తడిశాయి. కవరు అంచులు చూసే నెపంతో ట్యాంకు అవతలి పక్కకు పోయాను. అతుకులామె పోయి ఏడాది కావస్తోంది. ఆమెకు గుండ్రంగా గీయడానికి కంచం ఇచ్చిన ఇళ్లు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి. ఒక్కో ఇంటి కవరు మీద ఆ ఇంటి కంచమంతే అతుకు ఉంటుంది. పొంగినప్పుడు చూస్తే ఎవరి కంచం ఎంతో దూరం నుంచే తెలుస్తుంది.

నా పని గురించి రెండు మాటలు చెప్పాలి. పెండ, నీళ్లు కలిపి పోసే గుండ్రటి ఇటుకల ట్యాంకు ఉంటుంది. దాని మీద మందపాటి నల్ల షీటు కప్పి, అంచు చుట్టూ గాలి పోకుండా బిగిస్తాం. లోపల గ్యాస్ పుట్టిన కొద్దీ షీటు నూనెలో పూరిలా పొంగుతుంది. పొయ్యి వెలిగించుకున్న కొద్దీ కుంగుతుంది. నేను ఆ కవర్లు అమ్మే చిన్న కంపెనీ మనిషిని. అమ్మేది ఒక్క రోజు. దాని కంతల గురించి ఫోన్లో మాటలు పడేది ఏళ్ల తరబడి. ఈ ఉద్యోగంలో నాకు మిగిలిన మంచి అంటూ ఏదైనా ఉంటే, అది అతుకులామెతో పరిచయమే.

ఆమె పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. అందరికీ ఆమె అతుకులామే. ఫోన్ చేస్తే తానే అలా చెప్పుకునేది. “ఆ, అతుకులామెనే మాట్లాడుతున్న. ఏడ పోయింది? ఎంత పోయింది?” హలో అనే మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు.

మొదటిసారి చూసింది వనపర్తి దగ్గరి ఒక ఊళ్లో. ఒక కవరు కంతతో నేను మూడు రోజులుగా కుస్తీ పడుతున్నాను. అతుకు వేస్తే రెండో రోజుకు లేస్తోంది. మళ్లీ వేస్తే మళ్లీ లేస్తోంది. ఆ ఇంటాయన విసిగిపోయి పక్క ఊరి నుంచి ఆమెను పిలిపించాడు. యాభై ఐదు దాటిన మనిషి, బక్కపలుచగా, ముతక చీర మోకాళ్ల కిందికి బిగించి కట్టి, భుజాన ఒక గోనెసంచితో దిగింది. నా వైపు చూడలేదు. కవరు వైపూ చూడలేదు. నేరుగా వంటింట్లోకి పోయింది.

“జర చాయ్ పెట్టు బిడ్డా. గీ గ్యాస్ మీద్నే పెట్టు.”

నాకు ఒళ్లు మండింది. పనికి పిలిస్తే మర్యాదలు కావాలా ఈమెకు అనుకున్నాను. ఆమె పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, పాలు పొంగేదాకా కళ్లార్పకుండా మంటనే చూసింది. గ్లాసు చేతిలోకి వచ్చాక, ఊదుకుంటూ తీర్పు చెప్పింది.

“మంట రంగు మంచిగుంది, పొట్టిగుంది. అంటే పుట్టుడు పుడుతుంది, లోపల నిలుస్తలేదు. ఏ తొవ్వన పోతుందో ఎతుకుదాం పా.”

అది మర్యాద కాదు, పరీక్ష అని అప్పుడు తెలిసింది. చాయ్ మాత్రం చుక్క వదలకుండా తాగింది.

కవరు దగ్గరికి పోయే ముందు చేతి గాజులన్నీ తీసి కొంగున ముడేసుకుంది. కాలి మెట్టెలు కూడా. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ల మీద పడింది. ఇంటామె కాళ్ల పట్టీలు, ఇంటాయన ఉంగరం, నా వాచీ, నా బెల్టు అన్నీ తీయించింది. చివరికి నా జేబులోని పెన్ను కూడా లాగేసింది.

“పెన్నేం చేస్తుందక్కా?” అన్నాను.

“ఒంగినప్పుడు పొడుస్తది. గీడ రాసేటోళ్లు ఎవరున్నరు?”

ఆ పైన గోనెసంచిలోంచి ఒక్కో సామానూ దించింది. నానబెట్టిన కుంకుడుకాయల డబ్బా, పాత చీపురు, గీతలు గీయడానికి జాజు అనే ఎర్రమట్టి ముద్ద, గరుకు కాగితం, గమ్ము డబ్బా, నల్ల షీటు చుట్ట. మేం కంపెనీలో కంతలు వెతకడానికి సబ్బు నీళ్లు వాడతాం. ఆమెకు కుంకుడు నురగే కావాలి. సబ్బు బుడగ తొందరగా చచ్చిపోతుందని, కుంకుడు బుడగ నిలబడి మాట్లాడుతుందని అనేది. చీపురుతో నురగ చల్లి, బోర్లా పడుకుని, కవరుకు చెంప ఆనించి వినేది. చుట్టుపక్కల వాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆమెకు పట్టేది కాదు. ఎక్కడో నురగ గుబగుబమనగానే, “ఆ, ఈడున్నవా?” అని పలకరించి, జాజుతో చుట్టూ గీత గీసేది.

ఆ రోజు నా అతుకును ఒక్క గోటితో లేపి, తొక్క తీసినట్టు పీకి అవతల పారేసింది.

“ఎవరేసిన్రు ఇది?”

ఇంటాయన జాలి లేకుండా నన్ను చూపించాడు.

“ఏం సారూ, కవరుకు ఎన్నేండ్లు చెప్పినవ్?”

“పదేళ్ల గ్యారంటీ ఉందక్కా.”

“నీ గ్యారంటీ పదేండ్లు, నీ అతుకు రెండొద్దులు. మంచిగనే ఉంది.”

ఆ రోజు నుంచి నేను ఆమెకు గ్యారంటీ సారునైపోయాను. ఆఫీసర్ల ముందు కూడా అలాగే పిలిచేది. కోపం తెచ్చుకుందామని చాలాసార్లు అనుకున్నాను గానీ, ఆ పిలుపులో ఏదో చుట్టరికం ఉండేది. ఇప్పుడు ఎవరూ అలా పిలవడం లేదు. నాకు వెలితిగానే ఉంది.

ఈ విద్య ఎక్కడ నేర్చుకుందో ఒకేసారి కూర్చోబెట్టి చెప్పలేదు. బండి మీద పోతున్నప్పుడు ఒక ముక్క, అన్నం తింటున్నప్పుడు ఒక ముక్క చెప్పేది. పెళ్లైన కొత్తలోనే కూలికి మహారాష్ట్ర పోయింది. అక్కడ రైతులు పొలాల్లో పెద్ద పెద్ద నీటి గుంతలు తవ్వి, అడుగున నల్ల షీటు పరిచేవాళ్లు. ముక్కకు ముక్క కలిపి అతికే మేస్త్రీ ఎండకు తాళలేక నీడకు పోయినప్పుడల్లా ఆ పని ఈమె చేసేది. ఒక ఏడాది మేస్త్రీ రానేలేదు. గుంత మొత్తం ఈమే అతికింది. చుక్క నీరు కారలేదు. “నీళ్లు ఆపినదాన్ని, గాలి ఆపలేనా?” అనేది. ఆ మాట అన్నప్పుడు మాత్రం కొంచెం గర్వంగా గడ్డం ఎత్తేది.

ఆదివారం ఆమె దొరికేది కాదు. తెల్ల చీర కట్టుకుని చర్చికి పోయేది, ఫోన్ ఆపేసేది. సోమవారం పొద్దున మోగించగానే ఎత్తి, “నిన్న ఎన్నిసార్లు కొట్టినవ్?” అని అడిగేది. ఒక్కసారి కూడా చేయలేదంటే నమ్మేది కాదు.

ఇంకో సంగతి ఉంది. కంత పడిన తప్పును ఆమె ఎన్నడూ ఆ ఇంటి మనుషుల మీద పెట్టలేదు. నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఇంట్లో మేం పోయేసరికి అత్తాకోడళ్లు జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. కవరు మీద కొడవలి పెట్టింది నువ్వంటే నువ్వని గొడవ. కోత చూస్తే కొడవలి వంపు కంటికి కనిపిస్తోంది. అతుకులామె వేలితో తడిమి, “ఎలుక కొరికింది” అంది. నేను నోరు తెరవబోయాను. నా వైపు ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాను. అత్తా కోడలూ ఇద్దరూ కలిసి ఎలుకను తిట్టుకుంటూ మాకు అన్నం వడ్డించారు.

బయటికి వచ్చాక, “అది కొడవలి కోతే కదక్కా?” అన్నాను.

“నాకు కండ్లు లేవా? ఎలుకకు అత్త లేదు, కోడలు లేదు. దానిమీద ఏస్తే ఎవరింట్ల కొట్లాట పుట్టదు. నువ్వు కవరు ఒక్కటే సూస్తవ్ సారూ.”

నిజమే, నేను కవరు ఒక్కటే చూసేవాణ్ణి. ఆ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది మల్దకల్ దగ్గరి ఊళ్లో, గోవిందమ్మ ఇంటి దగ్గర.

గోవిందమ్మ, తిమ్మప్ప మొగుడూపెళ్లాలు. తిమ్మప్ప పదేళ్లు పుణెలో స్లాబులు పోసే పని చేసి, ఇక చాలనుకుని వచ్చి, ఆరు బర్రెలతో పాడి పెట్టాడు. మేం గ్యాస్ ట్యాంకు కట్టించి కవరు బిగించాం. గోవిందమ్మ ఆ మంట మీద పాలు మరిగించి కోవా చేసేది. మల్దకల్ గుడికి శనివారం వచ్చేవాళ్లకు అమ్మే దుకాణాల వాళ్లు ఆమె కోవా కోసం ముందే చెప్పి పెట్టుకునేవాళ్లు. కట్టెల పొయ్యి మీద చేస్తే పొగ వాసన వస్తోందని ఒకటి రెండుసార్లు తిప్పి పంపారట. అంటే ఆ ఇంటి సంసారం ఆ కవరు పొంగు మీద నిలబడి ఉంది.

కవరు అప్పగించిన రోజు నేనొక వెధవ పని చేశాను. నలుగురు చూస్తుండగా బూట్లతో కవరు ఎక్కి, అటూ ఇటూ తిరిగి, “చూశారా, దీని మీద ఏనుగు నడిచినా ఏం కాదు” అన్నాను. గోవిందమ్మ ఆ మాట బుద్ధిగా గుర్తుపెట్టుకుంది. నల్లటి షీటు, నున్నగా ఉంది, ఎండకు వెచ్చగా ఉంది, మట్టి అంటదు. ఇంతకంటే మంచి కల్లం ఎక్కడ దొరుకుతుంది? విత్తనానికి దాచిన బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, తెచ్చి దాని మీద ఆరబోసింది. ఏనుగు రాలేదు. నెమళ్లు వచ్చాయి. రెండు రోజులు కడుపునిండా మేశాయి. మూడో రోజుకు కవరు కుంగింది, నాలుగో రోజుకు ట్యాంకు మీద చదునుగా పడిపోయింది.

భయపడి గోవిందమ్మ ఎవరికీ చెప్పలేదు. రెండు శనివారాలు కోవా పోలేదు. తిమ్మప్పకు ఓపిక పోయింది. బర్రెలు అమ్మేసి మళ్లీ పుణె పోతానన్నాడు. ఇంట్లో రోజూ అదే గొడవ. చివరికి ఒక బేరగాణ్ణి మాట్లాడి, గురువారం అంగడికి బర్రెలను తోలుకుపొమ్మన్నాడు. బుధవారం సాయంత్రం గోవిందమ్మ నాకు ఫోన్ చేసింది.

“సారూ, రేపు పొద్దుగాల బర్రెలు పోతున్నయ్. ఆయన పుణెకు పోతుండు, ఎనకనే నేను పోవాలె. మీరు వస్తె వస్తరు, లేకుంటే లేదు.”

తెల్లవారగానే అతుకులామెను బండి ఎక్కించుకున్నాను. షీటు చుట్ట అడ్డంగా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద గాలి కొట్టేసరికి చుట్టతో సహా ఊగిపోయింది. “మెల్లగ నడుపు సారూ. నేను చినిగితే నన్ను అతికేటోళ్లు లేరు” అంది. అంత దిగులులోనూ నేను పకపకా నవ్వాను.

మేం చేరేసరికి బేరగాడు రానే వచ్చాడు. రాయచూరు వైపు మనిషి, పెద్ద మీసాలు, భుజం మీద పలుపుతాళ్లు. అంగడి మధ్యాహ్నానికల్లా విడిపోతుంది, ఆలోపు చేరాలని తొందరపడుతున్నాడు. తిమ్మప్ప బర్రెల కట్లు చూస్తున్నాడు. గోవిందమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

“తమ్మీ, ఒక్క గంట ఆగరాదు? అతుకేస్త, సూసి తోలుకపోవచ్చు” అంది అతుకులామె.

“వద్దక్కా, అయిపోయింది. ఇంక దాన్ని నమ్ముకునుడు నా తోని కాదు” అన్నాడు తిమ్మప్ప.

ఆమె బతిమాలలేదు. ఆ రోజు చాయ్ అడగలేదు, అడగడానికి గ్యాసే లేదు. ట్యాంకు దగ్గరికి పోయి మిగిలిన గ్యాస్ వదిలేయించి, అంచు బిగింపులు ఒక పక్క విప్పించి, కవరును నేల మీదికి లాగించింది. మడతల్లో బుడ్డల పొట్టు కనిపించింది. గోవిందమ్మ ఏడుపు గొంతుతో, “నేనే ఆరబోసిన అవ్వా” అంది. తిమ్మప్ప గిర్రున తిరిగాడు.

“పిల్లది ఏం చేస్తది?” అంది అతుకులామె, నా వైపు వేలు చూపిస్తూ. “తప్పంత గ్యారంటీ సారుది. ఏనుగు అని చెప్పిండు గని నెమలి అని చెప్పలే.”

బేరగాడు గట్టిగా నవ్వాడు. తిమ్మప్ప మూతి కూడా కొంచెం సడలింది. నేను తల దించుకున్నాను. ఆ నింద నా మీద పడాల్సిందే.

కంతలు లెక్కపెడితే ఇరవై ఏడు. అన్నీ అంచు దగ్గర ఒకే వరుసలో, బుడ్డలు పోసినంత మేర ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో అతుకు కాకుండా పొడవాటి పట్టీ ఒకటి కోసింది, రెండు కొసలూ గుండ్రంగా. గరుకు కాగితంతో రుద్ది, గమ్ము రాసి, ఆరనిచ్చి, పట్టీ పరిచింది. దాని మీద పాత తలుపు చెక్క వేసింది.

“దీనిమీద బరువు గావాలె” అంది.

ట్యాంకు పక్కనే ఎనిమిది ఇసుక సంచులున్నాయి, ఇలాంటి పనికే మేం నింపించి పెట్టినవి. నేను వాటి వైపు అడుగు వేశాను.

“సారూ, నువ్వు పోయి గోవిందమ్మకు నీళ్లు తోడియ్యి” అంది, నా వైపు చూడకుండానే. ఆ గొంతు నాకు తెలుసు. ఎలుక కొరికిన రోజు విన్న గొంతు. నేను ఆగిపోయాను.

ఆమె తిమ్మప్ప వైపు తిరిగింది.

“తమ్మీ, నువ్వొచ్చి ఈ చెక్క మీద కూసో.”

తిమ్మప్ప ఒక క్షణం ఆమెను చూశాడు. వచ్చి కూర్చున్నాడు.

“ఓ అన్నా, నువ్వు ఆ కొసకు కూసో. ఒక్కడే కూసుంటే అటు దిక్కు లేస్తది. రెండు నిమిషాలే.”

ఆడమనిషి అడిగితే కాదనలేక బేరగాడు కూడా తాళ్లు పక్కన పడేసి కూర్చున్నాడు. కూర్చున్నాక ఆమె అసలు సంగతి చెప్పింది.

“ఇప్పుడు ఎవ్వరు కదలొద్దు. కదిలితే లోపల గాలి సొస్తది, మల్ల మొదటికొస్తది.”

పది నిమిషాలకు బేరగాడు జేబులోంచి బీడీ తీశాడు. “బీడీ వద్దు, ట్యాంకు తెరిచి ఉంది” అంది. ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. బీడీ జేబులోకి పోయింది. ఇంకో పది నిమిషాలకు, “ఆయ్తా అమ్మా?” అన్నాడు. అయిందా అని వాళ్ల కన్నడంలో. “అయితది అన్నా, అయితది” అంది.

అలా ఆమె వాళ్ల ఎదురుగా గొంతుక్కూర్చుంది. చెక్క ఎలా వేసిందో గానీ, దాని మీద కూర్చున్నవాళ్లకు ఎదురుగా బర్రెల కొట్టమే కనిపిస్తుంది. పుణెలో ఏ దిక్కు పని చేశావని తిమ్మప్పను అడిగింది. అతను చెప్పాడు. తాను కూడా పోయిన తావులు చెప్పింది. గుడిసెల మీద కప్పుకునే పట్టలు వానకు ఎలా కారేవో, ఒకరి పట్ట కింద ఇంకొకరు ఎలా తలదాచుకునేవాళ్లో ఇద్దరూ చెప్పుకుని నవ్వుకున్నారు. నవ్వయ్యాక మాట మార్చింది.

“ఆ నుదుట తెల్లచుక్క బర్రె మంచిగిస్తదా పాలు?”

“అదా? నా చెయ్యి తప్ప ఎవరి చెయ్యి పడనియ్యదు అక్కా. గోవిందమ్మ కూసున్నా తంతది” అన్నాడు తిమ్మప్ప.

“మల్ల ఈ అన్నకు ఎట్లిస్తది?”

తిమ్మప్ప ఆ బర్రె వైపు చూశాడు. బేరగాడు ఇబ్బందిగా మీసం సవరించుకున్నాడు. ఆమె రెండో బర్రె గురించి అడిగింది. అది ఈనినప్పుడు తెల్లవార్లూ మేలుకున్న కథ చెప్పాడు తిమ్మప్ప. మూడోది, నాలుగోది. అడక్కుండానే ఐదో దాని సంగతి, ఆరో దాని సంగతి చెప్పాడు. మొహంలో రంగు మారడం నాకు స్పష్టంగా కనిపించింది. తలుపు దగ్గర గోవిందమ్మ వింటోంది. నేను తోడిన నీళ్లు బకెట్‌లో అలాగే ఉన్నాయి.

ఎండ నడినెత్తికి వచ్చింది. బేరగాడు “ఆయ్తా?” అనడం మానేసి ఒట్టి చూపులతోనే అడుగుతున్నాడు. అప్పుడు అతని ఫోన్ మోగింది. అంగడి విడిపోతోందని అవతలి మాట. లేచి, పంచె దులుపుకుని, తాళ్లు భుజాన వేసుకున్నాడు. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తేల్చుకోలేక ఆమెనే చూశాడు.

“రెండు నిమిషాలన్నవ్ కదమ్మా.”

“కవరు పెద్దది కద అన్నా. వచ్చే గురువారం రా, కోవా తిని పోదువు.”

అతను అటు పోగానే అతుకులామె చెక్క ఎత్తి చూసింది. పట్టీ కవరులో కలిసిపోయింది. కంపెనీలో వేసిన కుట్టుకంటే గట్టిగా ఉంది. మళ్లీ బిగించి, పెండనీళ్లు పోయించి, ఎన్నడూ లేనిది తిమ్మప్పకు ఒక పని పురమాయించింది. పొద్దూ మాపూ కవరు చుట్టూ ఒకసారి తిరిగి, నెమళ్లు రాకుండా చూసుకోమంది. అతను తలూపాడు.

తిరిగి వస్తుంటే వంతెన దాటాక ఉండబట్టలేక అడిగాను.

“అక్కా, ఆ గమ్ముకు ఇరవై నిమిషాలు బరువు పెడితే చాలు కదా. సంచులు పెట్టినా సరిపోయేది. రెండు గంటలు కూర్చోబెట్టావు.”

“నీ గ్యారంటీకి ఇరవై నిమిషాలు చాలు సారూ. నా అతుకుకు రెండు గంటలు పడతది. ముందు సూసి నడుపు.”

మర్నాటికే కవరు లేచింది. శనివారం కోవా పోయింది. గురువారం బేరగాడు నిజంగానే వచ్చి, కోవా తిని, ఇంకో అరకిలో కట్టించుకుని, ఒట్టి తాళ్లతో వెళ్లాడట. గోవిందమ్మ ఫోన్లో చెప్పి ఆగకుండా నవ్వింది. నేను ఆ కథను చాలామందికి చెప్పాను. ఒక ముసలామె ఇద్దరు మగవాళ్లను ఎలా మోసం చేసి చెక్క మీద కూర్చోబెట్టిందో మీసాలతో సహా అభినయించి చెప్పేవాణ్ణి. ఆ కథ మొత్తం నాకే తెలుసనుకునేవాణ్ణి.

కిందటి వానాకాలం ఆమెకు జ్వరం తగిలింది. నాలుగు రోజులు దవాఖానలో ఉండి వెళ్లిపోయింది. ఆమె ఊళ్లో, చర్చి ముందు వేసిన పందిట్లో ఆదరణ కూడిక జరిగింది. ఆమె గురించి మంచి మాటలు చెప్పుకుని, ప్రార్థన చేసి, అందరూ కలిసి అన్నం తినే కూడిక అది. ఆమె అతుకులు వేసిన ఇళ్లవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. గోవిందమ్మ, తిమ్మప్ప కోవా డబ్బా పట్టుకుని వచ్చారు. బర్రెలు ఇప్పుడు తొమ్మిదట.

అన్నాలయ్యాక తిమ్మప్పా నేనూ పందిరి బయట నిలబడ్డాం. దుఃఖం దిగమింగడానికి ఏదో ఒక నవ్వే మాట కావాలి నాకు. నీకిప్పుడు నిజం చెప్తున్నాను తిమ్మప్పా, ఆ రోజు అంతసేపు కూర్చోవాల్సిన పనే లేదు, ఇసుక సంచులు పెట్టినా సరిపోయేది, ఆమె నిన్ను మోసం చేసింది అన్నాను.

అతను నవ్వాడు.

“ఆ సంచులు నింపింది నేనే కద సారూ. కూసున్నప్పుడు నా ఈపు ఎనకాల్నే ఉండె.”

మరి తెలిసి తెలిసి ఎందుకు కూర్చున్నావని అడిగాను. అతను పందిట్లో పెట్టిన ఆమె ఫొటో వైపు చూశాడు.

“గోవిందమ్మ పోవద్దని ఏడ్చింది. మా అన్న పోవద్దని తిట్టిండు. ఊరంత పోవద్దన్నరు. అన్నకొద్ది నాకు మొండితనమే వచ్చె. ఆమె పోవద్దనలే సారూ. కూసో అన్నది.”